కలవరింతకు సాక్షి ఎవరు? – ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాట: ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

నిద్రలో మనిషి పలికే మాటను, చేసే చేష్టను దాగిన మనసు బయటపడిన సందర్భంగా చదవడం సాహిత్య విమర్శలో స్థిరపడిన పద్ధతి. ఆ పద్ధతి నిద్రపోయేవారిని మాత్రమే పరిశీలిస్తుంది. పక్కన మేలుకొని చూసేవారిని, వినేవారిని విడిచిపెడుతుంది. తెలుగు స్త్రీల రామాయణపు పాటల్లో ప్రసిద్ధమైన ‘ఊర్మిళాదేవి నిద్ర’ను భాసుని స్వప్నవాసవదత్త నాటకంలోని నిద్రాఘట్టంతో పోల్చి, నిద్రలో భర్త పలికే మాటకూ భార్య పలికే మాటకూ ఉన్న తేడాను ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: కలవరింత, సుప్తం, ఊర్మిళ, స్త్రీల రామాయణపు పాటలు, స్వప్నవాసవదత్తం, సాక్షి.

ఉపోద్ఘాతం

నిద్రలో మనుషులు చేసే వింత పనులకు తెలుగులో మాటల కొరత లేదు. కలవరింత, పలవరింత, ఉలికిపాటు, పళ్ళు కొరకడం, గురక, నిద్రలో నడక అన్నీ ఇళ్ళల్లో రోజూ వినబడే మాటలే. పసిపిల్లలు నిద్రలో నవ్వితే దేవుడు ఆడిస్తున్నాడని మురిసిపోతారు. అదే పిల్ల అర్ధరాత్రి కెవ్వుమని లేచి ఎవరినీ గుర్తుపట్టకుండా ఏడిస్తే దడుసుకుందని దిష్టి తీస్తారు. రెంటిలోనూ పిల్లకు తెలిసి జరిగినదేమీ లేదు. అర్థం చెప్పినవారు పక్కన మేలుకొని ఉన్న పెద్దలు.

వీటిలో కలవరింత అనే మాట ప్రత్యేకంగా గమనించదగ్గది. నిద్రలో మాట్లాడడం దాని మొదటి అర్థం. మెలకువలో కూడా ఒకే పేరును పదేపదే తలుచుకునేవారిని ‘కలవరిస్తున్నాడు’ అంటారు. మనసు నిలకడ తప్పితే కలవరం. నిద్రలోని మాట, ఎడబాటులోని తపన, భయంలోని అలజడి ఈ పదకుటుంబంలో దగ్గర దగ్గరగా ఉన్నాయి. కలవరింత అనగానే అది ప్రేమకు గుర్తనే ఊహ తెలుగు పాఠకుడికి కలగడంలో ఈ పదానికీ కొంత పాత్ర ఉంది. అయితే నిద్రలో పలికిన ప్రతి మాటా తపనేనా? స్త్రీల పాటలో ఊర్మిళ పలికిన మాటలు ఆ ఊహను గట్టిగా అడ్డుకుంటాయి.

సుప్తం: అలంకారికుల దృష్టి, శాస్త్రదృష్టి

భరతుడు చెప్పిన ముప్పై మూడు వ్యభిచారి భావాల్లో మూడు నిద్రకు సంబంధించినవి: నిద్ర, సుప్తం, విబోధం. నిద్ర ముంచుకు రావడం, నిద్రలో మునిగి ఉండడం, మేల్కొనడం అనే ఈ మూడు దశలను నటుడు వేరువేరుగా చూపవలసి ఉంటుంది. సుప్తాన్ని అభినయించే అనుభావాల్లో ‘ఉత్స్వప్నాయితం’ ఒకటి. నిద్రలో మాట్లాడడమే అది. అంటే నిద్రలోని పలుకు నాట్యశాస్త్రానికి రోగమూ కాదు, శకునమూ కాదు. రంగస్థలం మీద చూపదగిన భావవ్యక్తీకరణ.

ఆధునిక నిద్రాశాస్త్రం ఈ విభజనను మరో దారిలో అందుకుంది. కనుపాపలు వేగంగా కదిలే నిద్రాదశను షికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ 1953లో ప్రకటించాక నిద్ర ఒకే ముద్ద కాదని స్పష్టమయింది. కలలు దట్టంగా వచ్చే ఆ దశలో ఒంటి కండరాలు దాదాపు పట్టు విడిచి ఉంటాయి. అందుకే కలలో పరుగెత్తినవాడు మంచం మీదే ఉంటాడు. నిద్రలో నడక సాధారణంగా కలల దశలో కాక, రాత్రి తొలి భాగంలోని గాఢనిద్రలోంచి పుడుతుంది. గాఢనిద్రలో ఉన్నవారిని తట్టి లేపినపుడు కొందరు కళ్ళు తెరిచి మాట్లాడుతూనే, ఎదుటి మనిషిని గుర్తించని స్థితిలో కొంతసేపు ఉంటారు. తెల్లవారాక అడిగితే వారికి చాలావరకు గుర్తుండదు. కలవరింత గాఢనిద్రలోనూ, కలల నిద్రలోనూ రావచ్చు.

ఈ చర్చకు మరింత దగ్గరగా వచ్చే పరిశోధన ఒకటి ఉంది. ఫ్రాన్సులో ఇసబెల్ ఆర్నూల్ఫ్ బృందం నిద్రలో పలికిన మాటలను రికార్డు చేసి, భాషాశాస్త్ర దృష్టితో విశ్లేషించి 2017లో ఫలితాలు ప్రకటించింది. అర్థమైన మాటల్లో అన్నిటికన్నా ఎక్కువసార్లు వినిపించినది ‘కాదు, వద్దు’ అనే నిరాకరణ పదం. తిట్లూ తక్కువేమీ కాదు. ఎదుట మరొకరున్నట్లు, వారి జవాబు కోసం ఆగినట్లు మాటల మధ్య విరామాలు కూడా కనిపించాయి. ఒక పురాణగేయాన్ని ఆసుపత్రి నివేదికలా చదవడం విమర్శ పని కాదు. కానీ నిద్రామాట ప్రధానంగా ప్రియనామ స్మరణేనని కావ్యసంప్రదాయం చేసిన అలవాటును సందేహించడానికి ఈ సమాచారం చాలు.

ఆ అలవాటుకు మంచి ఉదాహరణ భాగవత దశమస్కంధంలోని ఉష. కలలో అనిరుద్ధుని కలిసి, అతడు కనబడకపోయేసరికి ప్రియా ఎక్కడున్నావంటూ చెలుల నడుమ లేచి, తర్వాత సిగ్గుపడుతుంది. చిత్రరేఖ ఆ మాటనే ఆధారం చేసుకొని బొమ్మలు గీసి, ఆ యువకుడెవరో కనిపెడుతుంది. ఇక్కడ కలవరింత కథకు తాళంచెవి. విన్నది చెలి కాబట్టి అది పెళ్ళికి దారితీసింది. కాపలావాడు విని ఉంటే కథ ఎటు పోయేదో ఊహించడం కష్టం కాదు.

ఉదయనుని మాట

1912లో గణపతిశాస్త్రి తిరువనంతపురం నుండి ప్రకటించిన స్వప్నవాసవదత్తం భారతీయ నాటకసాహిత్యంలో నిద్రామాటను అత్యంత నేర్పుగా వాడుకున్న రచన. కర్తృత్వం గురించిన వాదాలు ఎలా ఉన్నా ఐదో అంకం శక్తి తగ్గదు. వాసవదత్త అగ్నిప్రమాదంలో చనిపోయిందని ఉదయనుడు నమ్ముతున్నాడు. ఆమె మారువేషంతో, అతని కొత్త భార్య పద్మావతి దగ్గరే ఉంది. పద్మావతికి తలనొప్పిగా ఉందని విని సముద్రగృహానికి వచ్చిన రాజు, ఆమె అక్కడ లేకపోయేసరికి, విదూషకుడు కథ చెబుతుండగా అదే పడకపై నిద్రపోతాడు. విదూషకుడు కప్పుకోడానికి దుప్పటి తేవడానికి వెళ్ళాడు. అప్పుడు వాసవదత్త లోపలికి వచ్చి, పడుకున్నది పద్మావతి అనుకొని పక్కన కూర్చుంటుంది.

రాజు ఆమె పేరు పెట్టి పిలుస్తాడు. పట్టుబడ్డానేమో అని ఆమె ఉలిక్కిపడి లేస్తుంది. అతడు కలవరిస్తున్నాడని తెలిశాక పారిపోదు. చుట్టూ ఎవరూ లేరు గనక కాసేపు చూసి కళ్ళు చల్లబరచుకోవాలని నిలబడుతుంది. రాజు జవాబివ్వమంటాడు, ఆమె ఇస్తుంది. కోపమా అంటాడు, కాదు, దుఃఖమంటుంది. నగలు ఎందుకు పెట్టుకోలేదని అడుగుతాడు. అంతలో, విరచిక గుర్తొచ్చిందా అంటాడు. అతని పాత ప్రణయంలోని ఆ స్త్రీ పేరు వినగానే వాసవదత్తకు నిజంగానే కోపం వస్తుంది: ఇక్కడ కూడా విరచికేనా! నాటకంలో ఇంతకన్నా మానవసహజమైన క్షణం మరొకటి లేదు. చనిపోయినట్టు నటిస్తున్న భార్య, కలలో ఉన్న భర్తపై సవతి విషయమై అలుగుతున్నది. తాను ఎక్కువసేపు ఉంటే ఎవరైనా చూస్తారన్న భయంతో, మంచం నుండి జారి వేలాడుతున్న అతని చేతిని పైకి చేర్చి వెళ్ళిపోతుంది. ఆ స్పర్శతో మేలుకొన్న రాజు వెంట పరుగెత్తి తలుపు రెక్కకు కొట్టుకుంటాడు.

ఈ ఘట్టంలో నిద్రపోయినవాడికి కలిగిన లాభం పెద్దది కాదు. తాను చూసింది కలా నిజమా అనే సందేహమే అతనికి మిగిలింది. లాభమంతా విన్నామెది. మాట పరీక్షించి చూసుకునే అవకాశం ఆమెకు దక్కింది. మెలకువలో ఉన్న రాజు ఎన్ని ప్రమాణాలు చేసినా ఇంత నమ్మకం కలిగేది కాదు. పైగా విరచిక పేరు రావడం వల్లనే ఆ మాటకు విశ్వసనీయత పెరిగింది. అభినయించేవాడు ఆ పేరు ఎత్తడు గదా.

ఊర్మిళ ప్రశ్న

స్త్రీల పాట ఈ అమరికను తలకిందులు చేసింది. ఇక్కడ నిద్రపోయింది భార్య, విన్నవాడు భర్త. ఎడబాటు ఉంది, పడక ఉంది, స్పర్శ ఉంది. నిద్రలోంచి వచ్చిన మాట మాత్రం పిలుపు కాదు, గద్దింపు.

వాల్మీకంలో ఊర్మిళకు దాదాపు మాటే లేదు. ఆమె నిద్ర కథ అందులో లేదు. పదమూడో శతాబ్దపు ద్విపద కావ్యం రంగనాథ రామాయణం నిద్రాదేవిని పాత్రగా తెచ్చి లక్ష్మణుని ఎదుట నిలిపింది. అన్న కాపలా కోసం నిద్ర మానుకున్న లక్ష్మణుని వంతు నిద్ర ఊర్మిళపై పడడం తెలుగు నేల మీద అందరూ ఎరిగిన కథ. ఆయన పద్నాలుగేళ్ళ మెలకువకు ఆమె పద్నాలుగేళ్ళ నిద్ర మూల్యం. పురాణకథనం ఇక్కడితో తృప్తిపడి పతివ్రతల జాబితాలో ఊర్మిళ పేరు చేర్చుకుంటుంది. స్త్రీల పాట అసలు కథను ఇక్కడే మొదలుపెడుతుంది.

అయోధ్యకు తిరిగివచ్చాక చెల్లెలి సంగతి గుర్తుచేసేది సీత. రాముడు తమ్ముణ్ణి పంపుతాడు. లక్ష్మణుడు పడకటింటికి వెళ్ళి, నిద్రలో ఉన్న భార్య పక్కన కూర్చుని, ఆమెను తాకి, బుజ్జగించే మాటలు పలుకుతాడు. నిద్ర పూర్తిగా వీడని ఊర్మిళకు అతడు భర్తగా తెలియదు. ఎవరో పరాయి మగవాడు లోపలికి వచ్చాడనుకుంటుంది. ఎవరు నీవు, ఎందుకు వచ్చావని నిలదీస్తుంది. తండ్రి జనకుడు వింటే దండిస్తాడని, అక్కాబావలు వింటే బతకనివ్వరని హెచ్చరిస్తుంది. పరస్త్రీని కోరి ఇంద్రుడు ఒళ్ళు చెడగొట్టుకోలేదా, రావణుడు వంశంతో నాశనం కాలేదా అని అడుగుతుంది.

ఈ మాటలను పాతివ్రత్యానికి నిదర్శనంగా చదవడం సుళువు. నిద్రలో కూడా పరపురుషుణ్ణి సహించని ఇల్లాలని మెచ్చుకోవచ్చు. ఆ చదువు తప్పని కాదు, కానీ పేలవమైనది. ఊర్మిళ ఎన్నుకున్న రెండు ఉదాహరణలను అది గమనించదు. ఇంద్రుడు అహల్య దగ్గరకు వచ్చింది ఇంద్రుడిగా కాదు, గౌతముడి రూపంలో. రావణుడు పర్ణశాలకు వచ్చింది రావణుడిగా కాదు, సన్న్యాసి వేషంలో. ఇద్దరూ నమ్మదగిన రూపంలో వచ్చిన మగవారు. వారిలో మొదటివాడు సాక్షాత్తు భర్త రూపంలోనే వచ్చాడు. పద్నాలుగేళ్ళ తర్వాత పడక పక్కన కూర్చుని ప్రేమగా మాట్లాడే మనిషి లక్ష్మణుడిలా కనబడినంత మాత్రాన లక్ష్మణుడు కానక్కరలేదు. అహల్య కథ విన్న ఏ స్త్రీకైనా ఆ సంగతి తెలుసు. ఊర్మిళ ప్రశ్న నిద్రమత్తులోంచి వచ్చినదే. కానీ అందులోని తర్కం మెలకువలో ఉన్నవారి తర్కం కన్నా పదునైనది.

ఇక్కడొక చిక్కు ఉంది. పద్నాలుగేళ్ళు నిద్రలో ఉన్న మనిషికి రావణుడి నాశనం ఎలా తెలిసింది? కథ పొందికను పట్టించుకోని మౌఖిక సంప్రదాయపు ఏమరుపాటని దీన్ని కొట్టివేయవచ్చు. అలా కొట్టివేస్తే పాట పాడేవారి చెవిని తక్కువ అంచనా వేసినట్లే. పాడే స్త్రీకి రావణుడు నిన్నటి యుద్ధవార్త కాదు, సామెత. ఊర్మిళ నోటితో ఆమె తన ఇంటి భాషలో మాట్లాడుతోంది. తండ్రి, అక్క, బావ – పుట్టింటి మనుషులే ఆమె బెదిరింపులో వరసగా వస్తారు. నిద్రలో ఉదయనుడి నోట వచ్చినది ప్రియురాలి పేరు. నిద్రలో ఊర్మిళ నోట వచ్చినవి తనను కాపాడగలవారి పేర్లు. ఒంటరి స్త్రీ పద్నాలుగేళ్ళు పడుకుని ఉన్న గదికి తలుపు ఎంత గట్టిదో పాట చెప్పదు. ఆ తలుపు మీద నమ్మకం ఉన్నవారు ఇలాంటి మాటలు నాలుక చివర సిద్ధంగా ఉంచుకోరు.

అది నిద్రా, సగం మెలకువా అనే తగవు ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. ఎదుటి మనిషిని గుర్తించకుండా, పొందికగా మాట్లాడగలిగే స్థితి ఆ రెంటి నడుమ ఉన్నదని శాస్త్రం చెబుతోంది. భరతుడి లెక్కలో అది సుప్తానికీ విబోధానికీ మధ్య గీత. పాట ఆ గీత మీద ఊర్మిళను వీలైనంతసేపు నిలబెడుతుంది. పూర్తిగా మేలుకొంటే ఆమె భార్య. భర్తను ‘ఎవరు నీవు’ అని అడగలేదు. పూర్తిగా నిద్రలో ఉంటే ఆమెకు మాటే లేదు. అడగగల స్థలం ఆ సన్నని గీత ఒక్కటే. పద్నాలుగేళ్ళు విడిచివెళ్ళిన మగవాడు పరాయివాడు కాడా అన్న ప్రశ్నను నేరుగా వేయలేని సంప్రదాయం, దాన్ని నిద్రలోకి తోసి అడిగించింది.

లక్ష్మణుడు జవాబుగా తన కులగోత్రాలు చెప్పుకోవలసి వస్తుంది. తాను ఎవరి కొడుకో, ఎవరి తమ్ముడో, ఎవరి అల్లుడో విన్నవించుకుంటాడు. ఇంద్రజిత్తును కూల్చిన వీరుడు సొంత పడకటింట్లో గుర్తింపు కోసం బతిమాలుకోవడం పాట వినేవారికి నవ్వు తెప్పిస్తుంది. ఆ నవ్వులో సానుభూతి కూడా ఉంది. ఊర్మిళ మేలుకొని భర్తను గుర్తుపట్టి పాదాలపై పడుతుంది. తర్వాతవన్నీ స్నానం, భోజనం, దంపతుల ముచ్చట్లు. పాట గృహధర్మాన్ని తిరిగి నిలబెట్టింది. కాని పలికిన మాట పలికినట్లే ఉంది.

చూసేవారి ధర్మం

నిద్రపోయేవారిని చూసేవారికి కూడా ఒక ధర్మం ఉందని గుర్తించిన పాత్ర సుందరకాండలోని హనుమంతుడు. రావణాంతఃపురంలో పానంతో, నృత్యంతో అలసిన స్త్రీలు వీణలను, మద్దెలలను కౌగిలించుకుని నిద్రపోతుంటారు. ఆ దృశ్యాన్ని విపులంగా వర్ణించిన వాల్మీకి వెంటనే హనుమంతుడికి జంకు కలిగిస్తాడు: ఇలా పరస్త్రీలను నిద్రలో చూడడం అధర్మం కాదా? తన మనసులో వికారం లేదనీ, స్త్రీని స్త్రీల మధ్యే వెతకాలనీ అతడు సమాధానపడతాడు. అశ్వఘోషుని బుద్ధచరితంలో ఇంచుమించు అదే దృశ్యం చూసిన సిద్ధార్థుడికి ఆ జంకు లేదు. నోరు తెరిచి, ఒళ్ళు తెలియక పడివున్న స్త్రీలను చూసి రోత కలిగి ఇల్లు విడుస్తాడు. దోషం నిద్రపోయినవారిదైపోయింది. రెండు చోట్లా ఆ స్త్రీలకు నోరు లేదు. ఎవరు నీవు, ఎందుకు చూస్తున్నావని వారిలో ఒక్కరు కలవరించినా రెండు కావ్యాలూ మరోలా నడిచేవి.

షేక్‌స్పియర్ మాక్‌బెత్ ఐదో అంకం మొదటి రంగంలో ఈ ధర్మసంకటం బహిరంగంగా వస్తుంది. నిద్రలో నడుస్తూ, లేని నెత్తుటి మరకను చేతుల నుండి కడుక్కునే లేడీ మాక్‌బెత్‌ను ఒక వైద్యుడు, ఒక పరిచారిక చాటుగా గమనిస్తారు. వైద్యుడు ఆమె మాటలు రాసుకుంటాడు. అంతకుముందు రాత్రుల్లో ఆమె ఏమన్నదో చెప్పమంటే పరిచారిక నిరాకరిస్తుంది. తన మాటను బలపరచే సాక్షి లేడంటుంది. ఆ దాసి జాగ్రత్త వైద్యుడి కుతూహలం కన్నా గౌరవించదగ్గది. నిద్రామాటను విన్న మరుక్షణం విన్నవారు కూడా అందులో ఇరుక్కుంటారని ఆమెకు తెలుసు.

నవ్వుకు చెప్పిన అర్థాలు

ఊర్మిళ పాటకు తోబుట్టువు లాంటిది ‘లక్ష్మణదేవర నవ్వు’. నిండు సభలో లక్ష్మణుడు ఉన్నట్టుండి నవ్వుతాడు. ఎందుకో ఎవరికీ తెలియదు. సుగ్రీవుడు, విభీషణుడు మొదలు సభలోని ప్రతివారూ అది తమ పాత తప్పును తలచుకొని నవ్విన నవ్వేననుకొని తల దించుకుంటారు. సీత కుంగిపోతుంది. పరాయి ఇంట ఉన్న భార్యను ఏలుకున్నందుకే తమ్ముడు నవ్వాడని రాముడు కత్తి దూస్తాడు. చివరికి తేలిన కారణం చిన్నది: గడువు తీరగానే నిద్రాదేవి సరిగ్గా కొలువు మధ్యలో వచ్చి ఎదురుగా నిలిచింది. అంతే.

నిద్ర ముంగిట మనిషి చేసే చేష్టకు చుట్టూ ఉన్నవారు తమ తమ గుండెల్లోంచి అర్థాలు తీస్తారని ఇంత సూటిగా చెప్పిన రచన మరొకటి దొరకదు. దాగిన మనసును నిద్ర బయటపెడుతుందన్న మాట ఈ పాటలో నిజమే. అయితే బయటపడింది నవ్వినవాడి మనసు కాదు, చూసినవారిది. విమర్శకులు కూడా ఆ సభలో ఒక మూల కూర్చున్నవారే.

ఆధునిక రచనలో ఊర్మిళ

ఓల్గా ‘విముక్త’లో ఊర్మిళ అసలు నిద్రపోలేదు. తలుపు మూసుకుని, ఏకాంతంలో తనను తాను ప్రశ్నించుకుంది. లోకం దాన్ని నిద్ర అనుకుంది. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఈ కథల సంపుటి ఊర్మిళకు స్పృహను, ఆలోచనను, నిర్ణయాన్ని ఇచ్చింది. స్త్రీవాద దృష్టికి అది అవసరమైన అడుగు. దానితోపాటు ఒకటి చేజారింది కూడా. పాటలోని ఊర్మిళ ఆలోచించి, సిద్ధాంతీకరించి అడగలేదు. ఒళ్ళు తెలియని స్థితిలో ఒళ్ళే అడిగింది. మెలకువలోని ఊర్మిళ మాట సంభాషణగా గంభీరమైనదే. నిద్రలోని ఊర్మిళ మాటకు ఉన్న గగుర్పాటు మాత్రం దానికి లేదు.

వెల్చేరు నారాయణరావు 1991లో పౌలా రిచ్‌మన్ సంపాదకత్వంలో వచ్చిన ‘మెనీ రామాయణాస్’ గ్రంథంలో తెలుగు స్త్రీల రామాయణపు పాటలను చర్చిస్తూ, ఇవి బ్రాహ్మణ కుటుంబాల్లో ఆడవారు ఇంటి లోపలి భాగాల్లో పాడుకునేవని, మగవారు విన్నా పెద్దగా పట్టించుకోరని గుర్తించారు. ఉదయనుడి మాట విన్న వాసవదత్త చప్పుడు కాకుండా వెళ్ళిపోయింది. లేడీ మాక్‌బెత్ మాటలు వైద్యుడి కాగితం మీదికి ఎక్కాయి. ఊర్మిళ మాటలను పడకటింట్లో విన్నవాడు లక్ష్మణుడు ఒక్కడే. వాటిని మాట పోకుండా దాచుకున్నది మాత్రం వంటింట్లో, పెరట్లో, దంపుడు చోట ఆ పాట ఎత్తుకున్న ఆడవారు. వీధి అరుగు మీద కూర్చున్న మగవారికి రాగం మాత్రమే వినిపించేది.